3ఎస్ లైపో ప్యాక్‌ల బ్యాలెన్సింగ్: ఒక షంట్ బోర్డు డైరీ

చేతిలో ఉన్నవి ఇవి: 2200 ఎంఏహెచ్ 3ఎస్ లైపో ప్యాక్‌లు మూడు, ఒక ఫోమ్ ట్రైనర్ మోడల్ విమానం, వోల్టేజీకీ కరెంటుకీ విడివిడిగా హద్దు పెట్టగల బెంచ్ పవర్ సప్లై. లైపో అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ, 3ఎస్ అంటే వరుసలో మూడు సెల్స్, ఎంఏహెచ్ అంటే ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత. ఛార్జింగ్ అంతా రెండు లావు వైర్ల మీదే జరుగుతోంది. సప్లైకి కనిపించేది మొత్తం 12.60 వోల్టులు. అందులో ఏ సెల్ వాటా ఎంతో దానికి తెలియదు. 4.20 చొప్పున మూడు కలిసినా 12.60, 4.30, 4.15, 4.15 కలిసినా 12.60. రెండోదైతే ఒక సెల్ ఉబ్బే దారిలో ఉన్నట్టు. మూడింటినీ ఒకే మట్టానికి తేవడమే బ్యాలెన్సింగ్.

నికెల్ కాడ్మియం ప్యాక్‌లకు ఈ గొడవ ఇంతగా ఉండేది కాదు. తక్కువ కరెంటుతో కాస్త ఎక్కువసేపు ఛార్జ్ చేస్తే ముందే నిండిన సెల్ ఆ అదనాన్ని వేడిగా వదిలేసేది, వెనకబడ్డవి అందుకునేవి. లిథియం సెల్‌కు అలా సురక్షితంగా వదిలేసే మార్గం లేదు. నిండాక ఇంకా తోస్తే పాడవుతుంది. అందుకని అదనపు కరెంటును సెల్ బయటి నుంచి మళ్లించే బోర్డు, అంటే షంట్ బోర్డు, కావాలి.

ప్యాక్‌లకు ఏ, బీ, సీ అని టేపు మీద రాసి అంటించాను. నల్ల వైరు వైపున్నది సెల్ 1.

దశ 1: ముందు మీటర్

ఇంట్లో ఉన్న పసుపు రంగు చవక మీటర్ 20 వోల్టుల రేంజిలో 4.20 అనే చూపిస్తుంది, 4.203 అని చూపించదు. చివరి అంకె విలువే 10 మిల్లీవోల్టులు. దాని కచ్చితత్వం అర శాతం అనుకున్నా 4.20 దగ్గర 21 మిల్లీవోల్టులు అటూ ఇటూ అవుతుంది. మనం వెతికే తేడాలే 20, 30 మిల్లీవోల్టులు కాబట్టి ఇది ఈ పనికి రాదు.

6000 కౌంట్ల మీటర్ (4.203 లాంటి మూడో అంకె కూడా చూపించేది) కొన్నాను. దాన్నీ గుడ్డిగా నమ్మకుండా కోఠీ గుజరాతీ గల్లీలో ఎల్ఎం4040 అనే, స్థిరమైన వోల్టేజీ ఇచ్చే చిన్న భాగం తీసుకున్నాను. 4.096 వోల్టుల రకం, ఏ గ్రేడ్, అంటే 0.1 శాతం తేడాలోపు. 9 వోల్టుల బ్యాటరీ, వరుసలో 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, అంతే. కొత్త మీటర్ 4.098 చూపించింది. పాతది 4.14 చూపించింది. పాతదాని లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసించి ఉంది. ఆ రకం మీటర్లు బ్యాటరీ అయిపోయే కొద్దీ ఎక్కువ చూపిస్తాయి. అలాంటి మీటర్‌ను నమ్మి బోర్డు సెట్ చేస్తే ప్రతి సెల్ తక్కువ వోల్టేజీ దగ్గరే ఆగిపోతుంది.

మీటర్ 1,350, ఎల్ఎం4040 180.
ఇప్పటివరకు ఖర్చు: 1,530 రూపాయలు.

దశ 2: రెండు చివర్లా కొలవడం

ఈ డైరీలో ఒక్క దశే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి. బోర్డు కట్టకముందే ప్రతి ప్యాక్‌నూ నిండినప్పుడు ఒకసారి, దాదాపు ఖాళీ అయ్యాక ఒకసారి కొలవాలి. ఒక చివరి కొలతతో ఏమీ తేలదు.

1. ఛార్జ్ పూర్తి చేసి, వైర్లన్నీ తీసేసి, గంట ఆగి మూడు సెల్స్ కొలవండి.
2. 12 వోల్టుల 55 వాట్ల హెడ్‌లైట్ బల్బును లోడ్‌గా పెట్టండి. సుమారు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది.
3. 22 నిమిషాలకు ఆపండి. ఈలోపు ఏ సెల్ అయినా 3.3 వోల్టులకు పడితే అక్కడే ఆపేయండి.
4. అరగంట ఆగి మళ్లీ కొలవండి.

నిండుగా ఉన్నప్పుడు:
ఏ: 4.16, 4.22, 4.22
బీ: 4.20, 4.19, 4.21
సీ: 4.29, 4.16, 4.15

లోడ్ తర్వాత:
ఏ: 3.72, 3.75, 3.75
బీ: 3.74, 3.74, 3.74
సీ: 3.52, 3.79, 3.79

సీ మాత్రం 18 నిమిషాలకే ఆగింది. సెల్ 1 లోడ్ కింద 3.3కి వచ్చేసింది.

బీ జోలికి వెళ్లక్కర్లేదు. ఏలో సెల్ 1 పైన తక్కువ, కింద కూడా తక్కువ. అంటే దానిలో ఛార్జ్ మిగతా రెండింటి కంటే తక్కువగా ఉంది, అంతే. కెపాసిటీ బాగానే ఉంది. ఇది బ్యాలెన్సింగ్‌తో సరిపోతుంది. సీ కథ వేరు. దాని సెల్ 1 పైన అందరికంటే ఎక్కువ, కింద అందరికంటే తక్కువ. ముందే నిండిపోతుంది, ముందే ఖాళీ అవుతుంది. ఆ సెల్ కెపాసిటీయే తగ్గిపోయింది. దాన్ని ఎంత బ్యాలెన్స్ చేసినా పై చివర మాత్రమే కలుస్తుంది, కింద చివర విడిపోతూనే ఉంటుంది.

నిర్ధారణకు ఇంటర్నల్ రెసిస్టెన్స్ (సెల్ లోపలి నిరోధం) కూడా తీశాను. సెల్ వోల్టేజీ రాసుకుని, బల్బు వెలిగించి, 10 సెకన్లకు మళ్లీ రాసుకుని, తేడాను కరెంటుతో భాగించాలి. కొలత బ్యాలెన్స్ ప్లగ్ (ప్రతి సెల్ నుంచి విడిగా వచ్చే సన్నని వైర్ల ప్లగ్) దగ్గర తీసుకుంటే లావు వైర్లలో, కనెక్టర్‌లో పోయే వోల్టేజీ లెక్కలోకి రాదు. ఏలో మూడూ 8 మిల్లీ ఓమ్‌లు. బీలో 7, 8, 7. సీలో 21, 9, 9. ఈ అంకెలు వేడిని బట్టి మారతాయి. మే నెల మధ్యాహ్నం తీసిన కొలతను డిసెంబరు ఉదయం తీసిన దానితో పోల్చకూడదు. ఒకే పూట, ఒకే గదిలో అన్నీ తీయండి.

బల్బు, హోల్డర్ 140.
ఇప్పటివరకు ఖర్చు: 1,670 రూపాయలు.
ఏ ప్యాక్‌లో తేడా: 60 మిల్లీవోల్టులు.

దశ 3: రెసిస్టర్‌తో చేత్తో దించడం, అది ఎక్కడ తప్పింది

బోర్డు లేకుండా చేయొచ్చా అని ముందు చూశాను. 10 ఓమ్‌ల 5 వాట్ల సిమెంట్ రెసిస్టర్, ఎక్కువ ఉన్న సెల్‌కు అడ్డంగా. 4.2 వోల్టుల దగ్గర 0.42 ఆంపియర్లు పోతాయి. జేఎస్‌టీ-ఎక్స్‌హెచ్ ప్లగ్‌లో పిన్నుకూ పిన్నుకూ మధ్య రెండున్నర మిల్లీమీటర్లే. మొసలి క్లిప్పులతో అక్కడ పట్టుకోవడం షార్ట్‌ను పిలవడమే. విడి సాకెట్ కొని, దాని వైర్లకు రెసిస్టర్ అతికి, ప్రతి అతుకుకూ హీట్‌ష్రింక్ వేశాను.

ఏ ప్యాక్‌ను సగం ఛార్జ్ దగ్గర ఉంచి మొదలుపెట్టాను, సగం దగ్గరైతే ప్రమాదం తక్కువని. మొదట 3.832, 3.851, 3.850. సెల్ 2, సెల్ 3లను వంతులవారీగా దించి, పది నిమిషాలు ఆగి చూస్తే 3.832, 3.834, 3.833. సరిగ్గా కుదిరిందనిపించే కొలత. ఫుల్ ఛార్జ్ చేస్తే 4.18, 4.21, 4.21. సగం తేడా అలాగే ఉంది.

కారణాలు రెండు, రెండూ కలిసి దెబ్బ తీస్తాయి. లైపో వోల్టేజీ మధ్యలో దాదాపు చదునుగా ఉంటుంది. 3.80 నుంచి 3.85 వరకు 50 మిల్లీవోల్టుల్లో సుమారు 15 శాతం కెపాసిటీ ఇమిడి ఉంటుంది. 4.15 నుంచి 4.20 వరకు అవే 50 మిల్లీవోల్టుల్లో 5 శాతమే. అంటే ఒక శాతం ఛార్జ్ తేడా మధ్యలో 3 మిల్లీవోల్టులుగా, పైన 10 మిల్లీవోల్టులుగా కనిపిస్తుంది. రెండోది, అప్పుడే లోడ్ తీసిన సెల్ గంటల తరబడి మెల్లగా పైకి తేరుకుంటుంది. అదే ప్రయోగం మళ్లీ చేసి రాత్రంతా వదిలేస్తే పొద్దున్న 3.832, 3.842, 3.841. పది నిమిషాలకు చూసిన సమానత్వం తేరుకోని సెల్ చూపించిన అంకె. మధ్యలో 9 మిల్లీవోల్టులంటే 3 శాతం, పైన అదే 30 మిల్లీవోల్టులు. లెక్క సరిపోయింది.

కాబట్టి బ్యాలెన్సింగ్ 4.20 దగ్గరే, ఛార్జ్ చివర్లోనే జరగాలి. చేత్తో అక్కడ చేయాలంటే ప్యాక్ పక్కనే కూర్చుని ప్లగ్ తీస్తూ పెడుతూ ఉండాలి. బోర్డు కట్టడమే నయం.

రెసిస్టర్, సాకెట్, వైరు 45.
ఇప్పటివరకు ఖర్చు: 1,715 రూపాయలు.
ఏ ప్యాక్‌లో తేడా: 30 మిల్లీవోల్టులు.

దశ 4: షంట్ బోర్డు

సెల్‌కు ఒక విభాగం, మొత్తం మూడు. ప్రతి విభాగంలో టీఎల్431 వోల్టేజీని కనిపెడుతుంది, బీడీ140 ట్రాన్సిస్టర్ కరెంటును మళ్లిస్తుంది.

1. సెల్ ప్లస్ నుంచి 6.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దానికి వరుసలో 1 కిలో ఓమ్ మల్టీటర్న్ ట్రిమ్‌పాట్ (తిప్పి విలువ మార్చే చిన్న రెసిస్టర్), అక్కడి నుంచి టీఎల్431 రిఫరెన్స్ కాలికి. రిఫరెన్స్ నుంచి సెల్ మైనస్‌కు 10 కిలో ఓమ్‌లు.
2. టీఎల్431 యానోడ్ సెల్ మైనస్‌కు. మధ్య కాలు యానోడ్. మిగతా రెండు కాళ్లు మీరు కొన్నదాని డేటాషీట్ చూసే పెట్టండి.
3. క్యాథోడ్ నుంచి 47 ఓమ్‌లు, బీడీ140 బేస్‌కు. బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య 470 ఓమ్‌లు.
4. ఎమిటర్ సెల్ ప్లస్‌కు. కలెక్టర్ నుంచి 6.8 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్ ద్వారా సెల్ మైనస్‌కు.
5. ఆ 6.8 ఓమ్‌లకు అడ్డంగా ఎల్ఈడీ, వరుసలో 220 ఓమ్‌లు. షంట్ పనిచేస్తున్నప్పుడు వెలుగుతుంది.

టీఎల్431 రిఫరెన్స్ సుమారు 2.495 వోల్టులు. పై రెసిస్టెన్స్ 6.8 కిలో ఓమ్‌లు ఉంటే 2.495 ను 1.68తో గుణించాలి, 4.19 వస్తుంది. రిఫరెన్స్ కాలు తీసుకునే 2 మైక్రో ఆంపియర్ల వల్ల ఇంకో 13 మిల్లీవోల్టులు కలుస్తాయి. సాదా టీఎల్431లో 2 శాతం వరకు తేడా ఉండొచ్చు, అంటే 84 మిల్లీవోల్టులు. ట్రిమ్‌పాట్ పెట్టింది అందుకే. ట్రిమ్‌పాట్ లేకుండా 6.8 కిలో ఓమ్‌లు స్థిరంగా పెట్టేస్తే ఈ బోర్డు వృథా.

470 ఓమ్‌లను అనవసరమని వదిలేయకండి. వోల్టేజీ హద్దుకు ఇంకా చేరకముందే టీఎల్431 కొద్దిగా కరెంటు తీసుకుంటుంది. ఆ కరెంటుకు ఈ రెసిస్టర్ దారి ఇవ్వకపోతే ట్రాన్సిస్టర్ ముందుగానే సగం తెరుచుకుంటుంది. బీడీ140 మధ్య కాలు కలెక్టర్, వెనక ఉన్న లోహమూ కలెక్టరే. మూడు ట్రాన్సిస్టర్లూ మూడు వేర్వేరు వోల్టేజీల మీద ఉంటాయి. వాటి వెన్నులు ఒకదానికొకటి తగలకూడదు, ఒకే హీట్‌సింక్‌కు నేరుగా బిగించకూడదు.

సెట్ చేయడం ప్యాక్ లేకుండానే. ఒక్కో విభాగానికి విడిగా సప్లై నుంచి 4.200 ఇచ్చి, ఎల్ఈడీ అప్పుడే మినుకుమనేదాకా ట్రిమ్‌పాట్ తిప్పాలి.

విడిభాగాలన్నీ, పర్ఫ్‌బోర్డు, ప్లగ్‌లతో 270.
ఇప్పటివరకు ఖర్చు: 1,985 రూపాయలు.

దశ 5: బోర్డుతో వచ్చిన నాలుగు తంటాలు

వేడి. పొద్దున 4.200 దగ్గర సెట్ చేసిన విభాగం పావుగంట పనిచేశాక 4.186 దగ్గరే తెరుచుకుంది. షంట్ పూర్తిగా తెరుచుకుంటే 0.57 ఆంపియర్లు, సిమెంట్ రెసిస్టర్‌లో 2 వాట్లకు పైగా వేడి. దాని పక్కనే 6.2 కిలో ఓమ్‌ల కార్బన్ ఫిల్మ్ రెసిస్టర్ ఉంది. కార్బన్ ఫిల్మ్ వేడెక్కితే విలువ తగ్గుతుంది, దాంతో హద్దూ దిగింది. డివైడర్ (రిఫరెన్స్ కాలికి వోల్టేజీని పంచే) రెసిస్టర్లన్నీ 1 శాతం మెటల్ ఫిల్మ్‌వి వేసి, బోర్డు రెండో చివరకు జరిపాను. సిమెంట్ రెసిస్టర్లను బోర్డు నుంచి ఒక సెంటీమీటర్ పైకి లేపి అతికాను. ఇప్పుడు మార్పు 3 మిల్లీవోల్టులు దాటడం లేదు.

వైర్లు. ఇది కనిపెట్టడానికే ఎక్కువ సమయం పట్టింది. సెల్ 2 షంట్ వెలిగిన మరుక్షణం బోర్డు దగ్గర సెల్ 1, సెల్ 3 రెండూ ఒక్కసారిగా 11 మిల్లీవోల్టులు పెరిగినట్టు చూపించాయి. సెల్ 2 మాత్రం 23 తగ్గింది. సెల్స్‌లో ఏమీ మారలేదు. సెల్ 2 కరెంటు పోయే రెండు సన్నని వైర్లూ పొరుగు సెల్స్‌కు కూడా ఉమ్మడివే. ఒక్కో వైరుకు, ప్లగ్ కాంటాక్ట్‌తో కలిపి 20 మిల్లీ ఓమ్‌లు ఉన్నా 0.57 ఆంపియర్ల దగ్గర 11 మిల్లీవోల్టులు అక్కడే పోతాయి. వైరు పొట్టిగా పెడితే తగ్గుతుంది, పూర్తిగా పోదు. అందుకే షంట్ వెలుగుతుండగా తీసిన కొలత ఏదీ ఈ డైరీలో ఫలితంగా రాయలేదు. అన్నీ ఆపేసి, ఆగి కొలిచినవే.

ఛార్జింగ్ కరెంటు. 2.2 ఆంపియర్లతో ఛార్జ్ అవుతుంటే షంట్ 0.57 మళ్లిస్తుంది, మిగతా 1.63 నిండిన సెల్‌లోకే పోతుంది. ఎల్ఈడీ వెలుగుతూనే ఉంటుంది, సెల్ 4.22 దాటి పైకి పోతూనే ఉంటుంది. మొదటి ఎల్ఈడీ వెలగగానే సప్లై కరెంటును 0.5కు దించడమే మార్గం. అప్పుడు వచ్చే కరెంటు షంట్ మోయగలిగిన దానికన్నా తక్కువ. నిండిన సెల్ 4.20 దగ్గర ఆగుతుంది, వెనకబడ్డ సెల్‌కు మాత్రం మొత్తం కరెంటు అందుతుంది.

సప్లై వోల్టేజీ. ముందు ప్యానెల్ మీద 12.6 అని ఉంది, ప్లగ్ దగ్గర కొలిస్తే 12.66. మూడు హద్దుల మొత్తం 12.60. సప్లై దానికి మించి తోస్తుంటే మూడు ఎల్ఈడీలూ వెలిగి, కరెంటు ఎప్పటికీ 0.5 నుంచి దిగదు. ఛార్జ్ అయిపోయిందని తెలిసే గుర్తే లేకుండా పోతుంది. సప్లైను మీటర్‌తో చూసి 12.57 దగ్గర పెట్టాను. ఇప్పుడు ఎక్కువ ఉన్న సెల్ షంటే వెలుగుతుంది, అన్నీ కలిశాక ఆరిపోతుంది, కరెంటు దిగిపోతుంది. 0.1 ఆంపియర్ దగ్గర చేత్తో ఆపేస్తాను. బెంచ్ సప్లై దానంతటది ఆగదు కాబట్టి ఛార్జ్ జరుగుతున్నంతసేపూ అక్కడి నుంచి కదలను. బాల్కనీలో తాండూరు బండ మీద ప్యాక్, పక్కన ఇసుక బకెట్, బోర్డు ప్యాక్‌కు దూరంగా.

మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు, కొత్త పర్ఫ్‌బోర్డు 55.
ఇప్పటివరకు ఖర్చు: 2,040 రూపాయలు.

దశ 6: ఏ ప్యాక్ ఫలితం, సీ ప్యాక్ నిర్ణయం

ఏ ప్యాక్‌లో సెల్ 2, సెల్ 3 ఎల్ఈడీలు దాదాపు ఒకేసారి వెలిగాయి. సెల్ 1 వాటిని అందుకోవడానికి అరగంట పట్టింది. గంట ఆగాక 4.190, 4.193, 4.192. బల్బుతో 22 నిమిషాలు దించి అరగంట ఆగాక 3.747, 3.749, 3.748. రెండు చివర్లా కలిసింది.
ఏ ప్యాక్‌లో తేడా: 3 మిల్లీవోల్టులు.

సీ ప్యాక్‌కు కూడా ఒకసారి చేసి చూశాను. పైన మూడూ 4.19 దగ్గరే నిలిచాయి. పై కొలత ఒక్కటే చూసేవాళ్లు ఇది బాగుపడిందని ఎగరేస్తారు. బల్బు పెడితే సెల్ 1 ఈసారి ఇంకా ముందే 3.3కు వచ్చింది. ఇదివరకు 4.29 దాకా ఎక్కడం వల్ల దొరికిన ఆ కాస్త అదనం ఇప్పుడు లేదు మరి.

గాలిలో దీని అర్థం ఏమిటో లెక్క వేయండి. టేకాఫ్‌లో 20 ఆంపియర్లు లాగితే 9 మిల్లీ ఓమ్‌ల సెల్‌లో 0.18 వోల్టులు పడుతుంది, 21 మిల్లీ ఓమ్‌ల సెల్‌లో 0.42. ఈఎస్‌సీ (మోటారును నడిపే కంట్రోలర్) మొత్తం వోల్టేజీనే చూస్తుంది. కటాఫ్, అంటే అది మోటారును ఆపే వోల్టేజీ, 9.0 వోల్టులైతే 3.3, 3.3, 2.4 కలిసినా దానికి 9.0యే. మోటారు ఆగేసరికే ఆ సెల్ పాడైపోయి ఉంటుంది. సీ ప్యాక్‌ను ఎగరేయడం ఆపేశాను. మంచి సెల్స్ రెండు విప్పి 2ఎస్ చేయొచ్చని కొందరంటారు. ఆ సెల్స్ ట్యాబుల్లో ఒకటి అల్యూమినియం, సోల్డర్ అంత సులభంగా పట్టదు, పక్కనే మెత్తటి పౌచ్. నేను ఆ పని చేయను, ఎవరికీ చెప్పను. చిన్న బల్బుతో ఆరుబయట పూర్తిగా ఖాళీ చేసి, వైర్ల చివరలకు టేపు చుట్టి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చాను.

దశ 7: ఏ ప్యాక్ అసలు ఎందుకు తప్పింది

కెపాసిటీ బాగుండి, రెసిస్టెన్స్ సమానంగా ఉన్న ప్యాక్‌లో ఒక్క సెల్ 6 శాతం వెనకబడటానికి కారణం ఉండాలి. రెండు వారాలు ఊరికే పక్కన పెట్టి చూస్తే తేడా పెరగలేదు. అంటే సెల్ దానంతటది కారిపోవడం లేదు.

కారణం సెల్ వోల్టేజీ తగ్గితే మోగే లో-వోల్టేజీ బజర్. బ్యాలెన్స్ ప్లగ్‌కు పెట్టే ఆ చిన్న డబ్బా ఒక్కో వైరులో ఎంత లాగుతోందో మిల్లీ ఆంపియర్ రేంజిలో కొలిచాను. సెల్ 1 నుంచి 12 మిల్లీ ఆంపియర్లు, పై రెండింటి నుంచి ఒకటి కూడా లేదు. దాని అంకెల డిస్‌ప్లే అంతా మొదటి సెల్ మీదే నడుస్తోంది. మైదానం నుంచి వచ్చాక బజర్ తీయకుండా ప్యాక్‌ను సంచిలో రాత్రంతా ఉంచితే పది గంటల్లో 120 ఎంఏహెచ్. 2200లో అది అయిదున్నర శాతం. పైన కనిపించిన 60 మిల్లీవోల్టులకు దగ్గరి లెక్కే. ఇప్పుడు విమానం దించగానే మొదట బజర్, తర్వాత మెయిన్ ప్లగ్, ఇదే వరుసలో తీస్తున్నాను.

ఈ బోర్డుకూ అదే నియమం. హద్దుకు చేరకపోయినా డివైడర్ ఒక్కో సెల్ నుంచి పావు మిల్లీ ఆంపియర్ లాగుతూనే ఉంటుంది. నెల వదిలేస్తే 180 ఎంఏహెచ్. ఛార్జ్ అవగానే ప్లగ్ తీసేయాలి. ఎగరేయని వారాల్లో ప్యాక్‌లు సెల్‌కు 3.85 దగ్గర ఉంటాయి.

4ఎస్ కావాలంటే ఇదే విభాగం ఇంకొకటి, ఐదు పిన్నుల ప్లగ్, సప్లై 16.76 దగ్గర. నాలుగో విభాగానికి భాగాలు తెచ్చి పెట్టాను, అవి 65 రూపాయలు.
ఇప్పటివరకు ఖర్చు: 2,105 రూపాయలు.